మా ఆయన మానకపోతే నేనెట్లా బతకాలి అక్కా?

చీమకుర్తి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేసి విషయం మాత్రం చెప్తాను. రాసినామెకు 35 ఏళ్ళు. ఇంట్లో మిషన్ కుడుతుంది, డ్వాక్రా గ్రూపులో ఉంది. భర్త గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పనిచేస్తాడు. కూతురు తొమ్మిదో క్లాసు, కొడుకు నాలుగు. అత్తగారు వీళ్ళతోనే ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఆయన పండక్కో పబ్బానికో తాగేవాడు, ఆరేళ్ళుగా రోజూ తాగుతున్నాడు, ఏడాది నుంచి పొద్దున్నే క్వార్టరు పడకపోతే చేతులు వణికి టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నాడు.

"తాగనప్పుడు అంత మంచి మనిషి ఉండడక్కా. పిల్లకు జడ వేస్తాడు. చెడ్డవాడైతే ఎప్పుడో వదిలేసేదాన్నేమో, అదే నా బాధ" అని రాసింది. డ్యూటీకి పోని రోజు సూపర్‌వైజరుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పేది ఈమే. బెల్టు షాపు బాకీ తీర్చేది ఈమే, దానికోసం డ్వాక్రా అప్పు కూడా తీసింది. సీసాలు వెతికి పారబోస్తుంది, ఏటీఎం కార్డు బియ్యం డబ్బాలో దాస్తుంది. రాత్రి తొమ్మిది దాటితే బండి శబ్దం కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది, ఫోన్ మోగితే కడుపులో తిప్పేస్తుంది.

కూతురి తలమీద చెయ్యిపెట్టి ఎన్నోసార్లు ఒట్టేశాడట. రెండేళ్ళ కింద అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులూ చుక్క ముట్టలేదు, కొండకు పోయి వచ్చిన మూడో రోజే మళ్ళీ మొదలు. "అంటే మానగలడు కదక్కా, కావాలనే మానట్లేదా?" అని అడుగుతోంది. ఈ కార్తీకంలో మళ్ళీ మాల వేయించాలని అత్తగారి పట్టుదల. మొన్న సంక్రాంతికి రెండు రోజులు తాగకుండా ఉంటే ఒళ్ళంతా చెమటలు పట్టి, వణికిపోయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టాడట. గాలి సోకిందని తాయెత్తు కట్టారు, చివరకు పక్కింటాయన క్వార్టరు తెచ్చి పోస్తే కుదుటపడ్డాడు. తాగుడు మాన్పించే పొడి అని ఎవరో అమ్మితే 1500 పెట్టి కొంది, సాంబారులో కలుపుదామని పెట్టుకుంది, ఇంకా కలపలేదు. నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్ళి ఆరోగ్య రొట్టె కూడా పట్టుకుంది.

అత్తగారేమో "ఇంటికొస్తే నీ సాధింపు పడలేకే తాగుతున్నాడు" అంటుంది. ఉదయగిరి వైపు పుట్టింట్లో ఉన్న అన్న "పిల్లల్ని తీసుకుని వచ్చెయ్" అంటున్నాడు. భర్త కొట్టడట, కానీ రెండుసార్లు కంచం విసిరేశాడు, ఒకసారి తోస్తే మోచెయ్యి తలుపుకు తగిలి వాచింది. ఉత్తరం చివర్లో ఇంకో మాట ఉంది. ఒక రాత్రి ఆయన ఎంతకీ రాలేదు, ఫోన్ స్విచ్చాఫ్. "పోతే పోయాడు, పీడ విరగడైంది అనుకున్నానక్కా. ఆ మాట నా మనసులోకి ఎట్లా వచ్చిందో. అప్పట్నుంచి దేవుడి ముందు దీపం పెట్టడానికి చెయ్యి రావట్లా. నేనేం చేస్తే ఆయన మానతాడు? మానకపోతే నేనెట్లా బతకాలి? నన్ను మీ చెల్లెలనుకుని చెప్పండి."

చెల్లీ, చెల్లెలనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా.

ముందు ఆ పొడి సంగతి. మిగతావి ఒక వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు. ఆ పొట్లం సాంబారులోనే కాదు, ఎందులోనూ కలపొద్దు. ఇట్లా చాటుగా అమ్మే పొడుల్లో ఏముందో ప్యాకెట్ మీద రాసి ఉండదు, అమ్మినవాడికీ తెలిసి ఉండకపోవచ్చు. కొన్నిటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండొచ్చు. అది డాక్టర్లు కూడా వాడే మందే, అయితే గుండె, లివరు పరీక్షలు చేసి, మనిషికి అన్నీ చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే ఇస్తారు. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉండొచ్చు. తన ఒంట్లో అది ఉందని తెలిసినవాడు తాగడానికి భయపడతాడు, మందు పనిచేసేది ఆ భయంతోనే. తెలియనివాడు మామూలుగా వెళ్ళి తాగి రోడ్డు పక్కన పడిపోతాడు. ఒకవేళ ఏమీ కాకుండా బయటపడినా, అన్నంలో ఏదో కలిపావని తెలిసిన రోజు నుంచి నీ చేతి ముద్ద నమ్మడు, రేపు డాక్టరిచ్చే మాత్ర కూడా నమ్మడు. 1500 పోతే పోయాయి, పారెయ్యి.

రెండోది సంక్రాంతినాడు జరిగింది. అది గాలీ కాదు ధూళీ కాదు. రోజూ తాగే ఒళ్ళు మద్యానికి అలవాటు పడిపోతుంది, ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదు. ఆపిన కొన్ని గంటలకే వణుకు, చెమట, వాంతి వస్తాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పి లేనివి కనపడతాయి, జ్వరం వస్తుంది, మనుషుల్ని పోల్చుకోలేరు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణాలు పోతాయి. మీ ఆయనకు పురుగులు కనపడ్డాయంటే ఆ గుమ్మం దాకా పోయి వచ్చాడని అర్థం. ఆ రోజు పక్కింటాయన క్వార్టరు పోయడాన్ని తప్పుపట్టను, అక్కడున్నవాళ్ళకు తెలిసింది అదే. కానీ ఇంకోసారి అట్లా అయితే తాయెత్తు దగ్గర ఆగకండి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోండి. అక్కడ వణుకు, ఫిట్స్ రాకుండా కొన్ని రోజులు మాత్రలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, ఎందుకంటే ఏళ్ళ తరబడి తాగేవాళ్ళలో అది బాగా తగ్గిపోయి మెదడుకు దెబ్బ తగులుతుంది. నువ్వు సీసాలు పారబోయడం కూడా ఇందుకే ఆపమంటున్నా. కోపం తీరుతుందేమో కానీ, ఒకవేళ ఆయన నిజంగానే ఆ రోజు తాగకుండా ఉండిపోతే ఇంట్లో ఒంటరిగా ఆ గండం ఎదుర్కోవాల్సింది మీరే.

మాల విషయం దీంతో ముడిపడే ఉంది. రెండేళ్ళ కింద మాల వేసుకున్నప్పటి మనిషి, ఈరోజు మనిషి ఒంటి లెక్కలో ఒకటి కాదు. అప్పటికి ఆయన సాయంత్రాలు తాగేవాడు, ఇప్పుడు పొద్దున లేవగానే కావాలి. ఈ కార్తీకంలో అత్తగారి మాట మీద రాత్రికి రాత్రి ఆపి మాల వేయిస్తే, ఆ నాలుగు రోజులే అన్నిటికంటే ప్రమాదం. వేయించొద్దని అనట్లేదు. ముందు డాక్టరు దగ్గర ఒంట్లో మద్యం దింపించుకుని, ఆ తర్వాత వేసుకుంటే అది నిజంగా పనికొచ్చే సాయం అవుతుంది. అత్తగారికి ఈ మాట ఈ రకంగానే చెప్పు, దేవుడికి అడ్డం పడుతున్నావని అనుకోదు.

"41 రోజులు మానినవాడు కావాలనే మానట్లేదా" అన్నావు. ఈ ప్రశ్న నాకు రాసే ప్రతి భార్యా, తల్లీ ఏదో ఒక రూపంలో అడుగుతుంది. ఆ 41 రోజులు ఎట్లా గడిచాయో గుర్తు తెచ్చుకో. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, చుట్టూ స్వాములే, అందరూ ఆయన్ని కూడా స్వామీ అని పిలవడం, సాయంత్రం మందు పార్టీ వేళకు భజన, కింద పడక, ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన గడువు. ఆయన చుట్టూ రోజంతా మారిపోయింది. కొండ నుంచి వచ్చి మాల తీసేసరికి అవన్నీ ఒక్కసారి పోయాయి, ఫ్యాక్టరీ గేటు, అదే స్నేహితులు, అదే షాపు మిగిలాయి. మానడం ఒక పని, మానాక నిలబడడం వేరే పని, రెండోదానికి ఆయనకు ఎవరూ సాయం చెయ్యలేదు, అసలు అది కావాలని ఎవరికీ తెలియదు కూడా. అందుకని ఆయన అబద్ధమాడాడని అనుకోకు. ఆ 41 రోజులూ నిజమే, మూడో రోజు పడిపోయిందీ నిజమే.

అట్లాగే ఒట్లు. ఒట్టేసేటప్పుడు ఆయన మనస్ఫూర్తిగానే వేసి ఉంటాడు. మందు మీద ఒళ్ళు ఆధారపడిపోయాక మాట మీద నిలబడే శక్తినే అది మొదట తినేస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలో పెట్టింది ఊరికే కాదు. జబ్బు కాబట్టి ఆయన చేసిందానికి ఆయనకు బాధ్యత లేదని నేననను, కంచం విసిరింది ఆయన చెయ్యే. కానీ కూతురి తల మీద ఒట్టు వేయించడం మాత్రం ఈరోజుతో ఆపించు. ఆ పిల్ల వైపు నుంచి ఒకసారి చూడు. నాన్న నా మీద ఒట్టేసి తాగాడు అంటే నాన్నకు నేనంటే లెక్కలేదు అని ఆ వయసులో అర్థం చేసుకుంటుంది. ఒట్టు తప్పితే నాకేమన్నా అవుతుందేమో అని రాత్రిళ్ళు భయపడుతుంది కూడా.

అత్తగారి మాటకు జవాబు. నీ సాధింపు వల్ల తాగట్లేదు. తాగుబోతుల కుటుంబాల కోసం 1951లో అమెరికాలో అల్-అనాన్ అని ఒక సంఘం పుట్టింది, అక్కడ మొదట చెప్పే మూడు మాటలు నీకు రాస్తున్నా: ఇది నావల్ల రాలేదు, దీన్ని నేను అదుపు చెయ్యలేను, దీన్ని నేను నయం చెయ్యలేను. మొదటి మాట వింటే ఊపిరి వస్తుంది, మిగతా రెండూ వింటే కోపం వస్తుంది, మరి నేనింత చేసిందంతా ఏమిటి అని. రావాల్సిందే. ఆరేళ్ళు కాపలా కాశావు కదా. అత్తగారి గురించి కూడా ఒక మాట చెప్పనీ. కొడుకు కళ్ళముందే పాడైపోతుంటే ఆ తల్లికి ఎవరో ఒకరు కారణం కావాలి. నువ్వు కాకపోతే తన పెంపకం అనుకోవాలి, అది ఆమె భరించలేదు. ఆమెతో వాదించి గెలవాలని చూడకు. "అత్తా, ఇద్దరం ఒకటే కోరుకుంటున్నాం, డాక్టరు దగ్గరికి నువ్వు కూడా రా" అని ఒకసారి అడిగి చూడు. వస్తే మంచిదే, రాకపోతే ఆమె మాటలు వినీ విననట్టు ఉండే హక్కు నీకుంది.

ఇక ఆ రాత్రి నీకొచ్చిన ఆలోచన. చెల్లీ, ఇది నువ్వు అందరికంటే చివర, చిన్న అక్షరాల్లో రాశావు, ఉత్తరమంతా దీనికోసమే రాశావేమో అనిపించింది. పోతే పోయాడు అనుకోవడమూ, ఆయన చావాలని కోరుకోవడమూ ఒకటి కాదు. ఆ రాత్రి నువ్వు కోరుకున్నది ఈ ఎదురుచూపు ముగియాలని. ఎన్ని రాత్రులు బండి శబ్దం విన్నావో, వినపడితే ఏ స్థితిలో వస్తాడో అని భయం, వినపడకపోతే ఏ కర్నూలు రోడ్డు మీద లారీ కింద పడ్డాడో అని భయం, ఇట్లా రెండు వైపులా భయమే ఉన్న మనిషి మనసు ఎక్కడో ఒకచోట ఇక చాలు అంటుంది. క్యాన్సరుతో నెలల తరబడి మంచంలో ఉన్నవాళ్ళకు సేవ చేసేవాళ్ళకు కూడా ఈ ఆలోచన వస్తుంది, వాళ్ళూ ఎవరికీ చెప్పుకోరు. అలసిపోయిన ప్రేమలోంచే వస్తుంది అది. ఇంకొకటి కూడా ఉంది. జడ వేసే మనిషి, నువ్వు పెళ్ళి చేసుకున్న మనిషి, వారంలో చాలా గంటలు ఆ ఇంట్లో ఉండట్లేదు. మనిషి బతికుండగానే పోగొట్టుకున్న దుఃఖం నీది, దానికి మన దగ్గర కర్మకాండ లేదు, పరామర్శకు వచ్చేవాళ్ళు లేరు, అందుకే అది కోపంగా, అసహ్యంగా, ఒక్కోసారి ఇట్లాంటి మాటగా బయటికొస్తుంది. దీపం పెట్టుకో. రొట్టె పట్టుకున్న చెయ్యే అది, మైలపడలేదు.

ఆ కాపలా గురించి. నోరు వాసన చూడడం, జేబులు వెతకడం, సీసాలు లెక్కపెట్టడం, ఇరవైసార్లు ఫోన్ చెయ్యడం. వీటిలో ఏ ఒక్కదానివల్లైనా ఆయన ఒక్క రోజు తక్కువ తాగాడా? నీ ఉత్తరంలో అట్లాంటి రోజు ఒక్కటీ కనపడలేదు. నీకు మాత్రం నిద్ర పోయింది, కడుపులో మంట వచ్చింది, కుట్టాల్సిన బ్లౌజులు పేరుకుపోయాయని నువ్వే రాశావు. ఒక్కసారిగా అన్నీ ఆపడం నీవల్ల కాదు, నాకు తెలుసు. ఒకటి ఆపు. రాత్రి పదికి ఒక ఫోన్ చెయ్యి, ఎత్తినా ఎత్తకపోయినా ఆ తర్వాత చెయ్యకు, అన్నం మూతపెట్టి పిల్లల దగ్గర పడుకో. మొదటి రాత్రుల్లో నిద్ర పట్టదు, గుండె కొట్టుకుంటుంది, ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. కానీ మెలకువగా ఉన్నందువల్ల బండి జాగ్రత్తగా నడవదు. నీకు నిద్ర వస్తే పొద్దున్నే పిల్లల ముందు అరవకుండా ఉండగలవు, ఆయనతో మాట్లాడాల్సిన మాట మాట్లాడగలవు. నా దృష్టిలో ఆయన వైద్యం కంటే ముందు నీ నిద్ర.

ఇప్పుడు కష్టమైనది, కప్పిపుచ్చడం. సూపర్‌వైజరుకు అబద్ధం చెప్పడం మానెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, తన తప్పుకు తను నష్టపోతే కళ్ళు తెరుచుకుంటాయని. అందులో నిజముంది. ప్రతిసారీ నువ్వు అడ్డం పడుతుంటే తాగుడు ఎంత ఖరీదో ఆయనకు తెలియనే తెలియదు, ఆ ఖరీదంతా నువ్వు కడుతున్నావు. కానీ ఆయన ఉద్యోగం పోతే ముందు ఆకలయ్యేది పిల్లలకు, ఆ సలహా ఇచ్చినవాళ్ళకు కాదు. కాబట్టి అన్నీ ఒకే గాటన కట్టకు. బెల్టు షాపు బాకీ తీర్చడం ముందు ఆపొచ్చు, దానివల్ల పిల్లలకు పోయేదేమీ లేదు. షాపువాడు ఇంటి ముందుకొచ్చి అరిస్తే పరువు పోతుందని భయం, అరవనీ, "తాగినాయన్నే అడుగు" అని చెప్పి లోపలికి పో. డ్వాక్రా అప్పు ఆయన తాగుడు కోసం ఇక తియ్యొద్దు, అది నీ పేరు మీద, నీ గ్రూపు ఆడవాళ్ళ నమ్మకం మీద ఉన్న అప్పు. ఫ్యాక్టరీ ఫోన్ దగ్గర మధ్యదారి ఒకటుంది: "ఈరోజు రాలేడు సార్, కారణం ఆయన్నే అడగండి" అని చెప్పొచ్చు, అబద్ధమూ కాదు, నిందా కాదు. ఆ తర్వాత సూపర్‌వైజరు నిలదీస్తే ఆయన నీ మీద కోప్పడతాడు, ఉద్యోగం కొంత ఊగుతుంది. ఇంకో పక్క చూస్తే, వణికే చేతులతో రాయి కోసే మిషన్ మీద నిలబడడం ఆయనకూ పక్కవాళ్ళకూ ఎంత ప్రమాదమో నీకు చెప్పనక్కర్లేదు. ఏది ఎప్పుడు చెయ్యాలో నీ ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో చూసుకుని నువ్వే తేల్చుకోవాలి.

మాట్లాడడానికి వేళ చూసుకో. తాగొచ్చాక రాత్రిపూట ఒక్క మాట కూడా వద్దు, ఆయనకు పొద్దున గుర్తుండదు, నీకు మాత్రం ఏళ్ళపాటు గుర్తుంటుంది. పొద్దున కాస్త స్థిమితంగా, సిగ్గుపడుతూ కూర్చున్న వేళ ఉంటుంది చూడు, అప్పుడు రెండు మూడు మాటలే. "నువ్వు పిల్లకు జడ వేసిన రోజు ఇల్లు ఇల్లులా ఉంటుంది. సంక్రాంతినాడు నిన్ను చూసి చచ్చేంత భయపడ్డా. ఒంగోలు పోయి డాక్టరుకు చూపిద్దాం, నేనూ వస్తా." ఇంతే. తాగుబోతా అనొద్దు, మీ అమ్మ అట్లా మీ నాన్న ఇట్లా అని తవ్వొద్దు. తాగని రోజున నీకెంత బాగుందో చెప్పు, ఆయనకు ఇష్టమైంది వండు, కలిసి కూర్చో. తాగిన రోజున గొడవ పడకుండా పక్కకు తప్పుకో. ఇది మెత్తదనంలా కనిపిస్తుంది కానీ, కుటుంబ సభ్యులకు ఈ పద్ధతి నేర్పి అమెరికాలో పరీక్షించి చూశారు, 1999లో అచ్చైన ఒక పరిశోధనలో వైద్యం వద్దే వద్దన్నవాళ్ళలో నూటికి 64 మంది ఆసుపత్రి మెట్లెక్కారు, అందరూ చుట్టూ కూర్చుని నిలదీసే పద్ధతిలో 30 మందే వచ్చారు. మీ ఆయన వస్తాడని హామీ ఇవ్వలేను. మొదటిసారి లేచి బయటికి వెళ్ళిపోవచ్చు కూడా. నెల తర్వాత మళ్ళీ అదే మాట, అదే గొంతుతో చెప్పు.

వస్తానంటే ఆ రోజే పోండి, రేపటిదాకా ఆ మాట ఉండదు. చీమకుర్తి నుంచి ఒంగోలు ఎంత దూరం, అక్కడి ప్రభుత్వాసుపత్రి రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని చూపించొచ్చు. తెలిసినవాళ్ళు కనపడతారని ఆయన వెనకాడితే నెల్లూరు పెద్దాసుపత్రికి పోవచ్చు. ఒంట్లో మద్యం దింపాక మళ్ళీ తాగాలనే యావ తగ్గించే మాత్రలు ఉన్నాయి, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి, నెలల తరబడి వాడాలి. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్లు కూడా ఉన్నాయి. కొన్ని బాగా నడుస్తాయి, కొన్నిటిలో కొట్టడం, కట్టెయ్యడం కూడా ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసుతో కట్టడం నేరం. రాత్రిపూట వ్యాన్ పంపిస్తాం, నలుగురం పట్టుకుపోతాం అని చెప్పే చోటికి పంపించకు. సెంటరుకు రిజిస్ట్రేషన్ ఉందా, రోజూ వచ్చే సైకియాట్రిస్ట్ ఎవరు, నువ్వు వెళ్ళి చూడొచ్చా, ఇవి అడుగు. డబ్బు కట్టేముందు 14446కి ఫోన్ చెయ్యి, మత్తు అలవాట్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు అది. నీ మనసు బాగోలేనప్పుడు 14416, టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు. ఇంకొక సంగతి ముందే చెప్పి ఉంచుతా, వైద్యం చేయించుకున్నాక కూడా చాలామంది ఒకటి రెండుసార్లు మళ్ళీ తాగుతారు. ఆ రోజు అంతా మునిగిపోయినట్టు ఉంటుంది. మునగలేదు, మళ్ళీ డాక్టరు దగ్గరికి పోవాలి, అంతే.

పుట్టింటికి పోవడం గురించి అన్న చెప్పింది, నువ్వు వద్దంటున్నావు. రెండూ అర్థమవుతున్నాయి. పోతే పిల్లలకు కొన్నాళ్ళు ప్రశాంతత, నీకు నిద్ర. ఒంటరిగా మిగిలితే ఆయన కదలొచ్చు, ఇంకా ఎక్కువ తాగనూవచ్చు. వచ్చే ఏడు పిల్ల పదో క్లాసు, స్కూలు మారితే దెబ్బ. ఏదైనా సరే, పోతానని బెదిరించడానికి మాత్రం వాడుకోకు, పోయే రోజున పో. నాలుగుసార్లు సంచి సర్ది దింపితే ఆ మాటకు విలువ ఉండదు. అయితే కొట్టడు కానీ తోశాడు అన్నావు చూడు, ఆ "కానీ" దగ్గర నాకు భయంగా ఉంది. ఇంకోసారి చెయ్యి లేస్తే అప్పుడు ఆలోచించేది ఏమీ ఉండదు, పిల్లల్ని తీసుకుని బయటికి నడువు, పోలీసులకు 112, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి. 2005 గృహహింస చట్టం కింద నిన్ను ఆ ఇంట్లోంచి గెంటెయ్యడానికి వీల్లేదు, రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. ఇప్పటి నుంచే ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్ల కాపీలు, బ్యాంకు పుస్తకం, కొంచెం డబ్బు అన్న దగ్గర ఉంచు. ఇది మొగుడికి ద్రోహం చెయ్యడం కాదు.

పిల్లలకు నిజం చెప్పు. తొమ్మిదో క్లాసు పిల్లకు తెలియనిది ఏమీ లేదు, తెలిసినట్టు మాట్లాడే వీలు లేక ఆ పిల్ల మౌనంగా ఉంది, స్నేహితుల్ని ఇంటికి తేవడం మానేసింది. "నాన్నకు జబ్బు, నీవల్ల రాలేదు, నువ్వు బాగుచెయ్యాల్సిన పనిలేదు, నాన్న మీద కోపం వచ్చినా తప్పులేదు." ఈ నాలుగు మాటలు పడుకునే ముందు చెప్పు, చిన్నవాడికి కూడా. తమ్ముణ్ణి చూసుకోవడం, నాన్న మూడ్ కనిపెట్టడం ఇవన్నీ ఆ పిల్ల తన డ్యూటీ చేసుకుని ఉంటుంది. తీసెయ్యి. నమ్మకమైన టీచరమ్మ ఉంటే ఒక మాట చెప్పి ఉంచు.

ఎవరికీ చెప్పుకోలేదని రాశావు. మీ అమ్మను ఒకసారి 1992 గురించి అడుగు. మీ ఉదయగిరి వైపు ఊళ్ళకు దగ్గర్లోనే దూబగుంట. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు రోశమ్మ అనే ఆమెతో కలిసి ఊళ్ళో సారా కొట్టు మూయించారు, అది జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆపించారు, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యనిషేధం కూడా వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, ఇప్పుడు 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతోంది, అది నాకూ మండుతుంది. కానీ ఆ ఆడవాళ్ళు మొదట చేసింది కొట్లు పగలగొట్టడం కాదు, మా ఇంట్లో ఇట్లా ఉంది అని ఒకరితో ఒకరు పైకి చెప్పుకోవడం. మొగుడు తాగుతున్నాడంటే తలదించుకోవాల్సింది తామే అనుకోవడం మానేశారు. నీ డ్వాక్రా గ్రూపులో నీలాంటి వాళ్ళు ఇంకా ఉండి ఉంటారు, పొదుపు కట్టేటప్పుడు ఎవరు ఎందుకు కట్టలేకపోతున్నారో గమనించు. అందరికీ కాదు, ఒక్కరికి చెప్పు. ఊరికే వినేవాళ్ళకు చెప్పు, తీర్పు చెప్పేవాళ్ళకు వద్దు.

మానకపోతే ఎట్లా బతకాలి అన్నావు. మానడం మానకపోవడం తేలే దాకా నీ బతుకు వాయిదా వెయ్యకుండా బతకాలి. బ్లౌజులు కుట్టు, ఆ డబ్బు నీ ఖాతాలో వేసుకో. పెళ్ళిళ్ళకు పోవడం మానేశావట, ఎవరేమంటారోనని, ఈసారి పిల్లల్ని తీసుకుని పో. ఆయన తాగిన రోజున కూడా నువ్వు నవ్వొచ్చు, అది ఆయన్ని మర్చిపోవడం అవ్వదు. కొన్నేళ్ళకు ఇక ఉండలేను అనిపిస్తే విడిగా ఉండడం కూడా ఒక దారే, ఆ దారి మీద ఇప్పుడే నిర్ణయం అక్కర్లేదు. కంటినిండా నిద్రపోయి తేరుకున్న మనసుతో తీసుకోవాల్సిన నిర్ణయం అది.

వచ్చే వారం ఒక పని చెయ్యి. ఒక కాగితం మీద రాసుకో: పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటి పెగ్గు, రోజుకు ఎన్ని క్వార్టర్లు, సంక్రాంతినాడు ఏ రోజు ఏమైంది, ఫిట్స్ ఎప్పుడన్నా వచ్చాయా, షుగరు, కామెర్లు, రక్తపు వాంతులు ఏమన్నా ఉన్నాయా, ఇంకేం మాత్రలు వాడుతున్నాడు. ఆయన వస్తే ఆయనతో, రానంటే నువ్వొక్కదానివే ఆ కాగితం తీసుకుని ఒంగోలు వెళ్ళు. తాగే మనిషి రాకపోయినా ఇంట్లోవాళ్ళతో డాక్టర్లు మాట్లాడతారు, ఏం చెయ్యాలో చెప్తారు. నీకు నిద్ర పట్టట్లేదని, గుండె దడ వస్తోందని కూడా అక్కడే చెప్పి నీకూ ఒక ఓపీ చీటీ రాయించుకో.